గవర్నమెంట్లు మారినా ఆఫీసులో మాట ఎందుకు మారదు? రెవెన్యూలో చేసి రిటైరైనవాడిగా నా సమాధానం

ప్రశ్న అడిగినాయన ఉండేది బెంగుళూరు, ఊరు కోనసీమంట. నాన్నగారు పోయారు, కొబ్బరితోట ఆయన పేరు మీంచి వీళ్ల పేరుకి మారట్లేదు, అర్జీ పెట్టాక ఒక ప్రభుత్వం పోయి ఇంకోటి వచ్చింది, ఎమ్మెల్యే మారారు, తహసీల్దార్లు మారారు, ఆఫీసులో "చూస్తాం, మళ్లీ రండి" అనే మాట మాత్రం మారలేదు. అందుకని ఆయన అడిగేదేంటంటే, మనం ఓట్లేసి గెలిపించినోళ్లు ఉత్తుత్తోళ్లేనా, లోపల పాతుకుపోయిన అధికారుల గుంపే రాజ్యం నడుపుతుందా అని.

నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయానండి. సర్వీసంతా గోదావరికి అటు ఇటే, కొన్నాళ్లు కోనసీమ, కొన్నాళ్లు పాలకొల్లు నరసాపురం వైపు. కాబట్టి బయటనుంచి విన్నది కాదు, కుర్చీలో కూచుని చూసింది చెప్తా. కొంచెం పొడుగవుద్ది, ఓపికుంటే చదవండి.

గుంపు లేదండి. గుంపు కట్టాలంటే ముందు ఒకళ్లనొకళ్లు నమ్మాలి, మా ఆఫీసుల్లో పక్క సీటువాణ్ణి నమ్మినోడు నాకెప్పుడూ కనపళ్లేదు. ఉన్నదల్లా ఒకటే, ఏమీ రాయకుండా ఊరుకోగలిగే అధికారం. దాన్ని ఏ చట్టమూ ఇవ్వలేదు, అందుకే ఏ చట్టం మార్చినా అది పోదు.

ఎలాగంటే, మీ అర్జీ మీద తహసీల్దారు గారు "కుదరదు" అని రాసి సంతకం పెట్టారనుకోండి, నిజానికి అది మీకు మంచిదే. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం కింద ఆ ఉత్తర్వు మీద ఆర్డీవో దగ్గర అప్పీలుంది, అక్కడా తేలకపోతే జాయింట్ కలెక్టర్ దగ్గర రివిజనుంది, ఆపైన హైకోర్టుంది. రాసినోడికి భయం ఉంటది, రేపు పైన ఎవరో ఆ కాగితం చదివి ఏ సెక్షన్ కింద కుదరదన్నావయ్యా అని అడుగుతారు కదా. అదే ఏమీ రాయకుండా "సర్వేయర్ రిపోర్టు రావాలండి", "సర్వర్ పనిచేయట్లేదండి", "సారు వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారండి" అని నోటితో చెప్పి పంపించేస్తే మీరు దేని మీద అప్పీలుకెళ్తారు? ఉత్తర్వు లేదు, కాదన్న మనిషి లేడు, మీ పని అయితే అవ్వలేదు. నాకు తెలిసి జనాన్ని ఏడిపించిన ఫైళ్లలో తప్పుగా రాసినవి తక్కువ, అసలు రాయనివే ఎక్కువ.

ఇంకా కింద నుంచి చూడండి. అర్జీ తపాల్లో, అంటే వచ్చిన కాగితాలు ఎక్కించే సీట్లో పడుద్ది, నంబరేస్తారు, సెక్షన్ గుమస్తా దగ్గరికొస్తది. ఆయన నోట్ ఫైలు రాసి పుటప్ చేస్తేనే డీటీ (డిప్యూటీ తహసీల్దారు) చూస్తాడు, డీటీ చూస్తేనే తహసీల్దారు చూస్తాడు, మధ్యలో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) రిపోర్టు, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) రిపోర్టు, సర్వేయర్ స్కెచ్చి. కింద నుంచి కదలని ఫైలు మీద పైవాడు సంతకం పెట్టలేడు, పెడితే రేపు ఆడిట్‌లోనో ఏసీబీలోనో మునిగేది ఆయనే. కాబట్టి ఆఫీసులో చిన్న జీతం మనిషి చేతిలోనే పెద్ద తాళం ఉంటది. ఒకప్పుడు ఫైలు బీరువాలో ఉందనేవాళ్లం, ఇప్పుడు లాగిన్‌లో ఉందంటున్నారు. కాకపోతే ఈ-ఆఫీసు వచ్చాక ఎవరి దగ్గర ఎన్నాళ్లుందో తేదీలతో సహా కనపడుద్ది, అది మాత్రం పెద్ద మేలు, దాన్ని ఎలా వాడుకోవాలో తర్వాత చెప్తా.

ఇప్పుడు ఎవరు కదుల్తారు ఎవరు కదలరు అన్నది చూడండి. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎలక్షన్ కమిషన్ రూలొకటి ఉంది, ఎన్నికల పనిలో ఉండే అధికారి సొంత జిల్లాలో ఉండకూడదు, నాలుగేళ్లలో మూడేళ్లు ఒకేచోట చేసుంటే అక్కడ ఉంచకూడదు అని. దాంతో తహసీల్దారు మూటాముల్లె సర్దుకుంటాడు, పక్క జిల్లా నుంచి కొత్తాయనొస్తాడు. ఆయనకి ఏ సర్వే నంబరు ఎక్కడుందో, ఏ లంక ఎవరి సాగులో ఉందో ఏం తెలుసండి? అడగాల్సింది ఎవర్ని, అక్కడే ఉన్న పాత గుమస్తాని, తలారిని, కంప్యూటర్ దగ్గర కూచునే కుర్రాణ్ణి. కొన్ని ఆఫీసుల్లో ఆ కుర్రాడు అసలు ఉద్యోగే కాదు, ఎవరో పెట్టుకున్న ప్రైవేటు మనిషి, డిజిటల్ సంతకం డాంగిల్ కూడా వాడి సొరుగులోనే. సారు మారతారు, సారుకి చెప్పేవాడు మారడు.

మన డెల్టాలో ఇది ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే మన భూమి కదుల్తది. గోదారి ఒక ఒడ్డు కోసి ఇంకోచోట మేటేస్తది, కాగితం మీద నీళ్లున్నచోట అరటితోట ఉంటది, కాగితం మీద తోటున్నచోట ఈత కొట్టాలి. వరద తీశాక ఏ మేట ఎవరిదో తేల్చే పుస్తకం ఉండదు, తెలిసిన మనిషి ఉంటాడు, వాడు చెప్పిందే రికార్డు. దానికి తోడు కాలవగట్ల పోరంబోకు, చెరువులు తవ్వేసిన వరిచేలు, అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్న సెంట్లు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి కాలవలొచ్చాక మన దగ్గర సెంటుకి కూడా విలువొచ్చింది, విలువొచ్చినచోట గట్టు తగాదా వస్తది, తగాదా ఉన్నచోట రికార్డు పట్టుకున్నోడే దొర.

ఇదేదో స్వాతంత్య్రం వచ్చాక పట్టిన జబ్బనుకోకండి. కంపెనీ రోజుల్లో కలెక్టరు తెల్లదొర, ఆయనకి ఇక్కడి లెక్కలు అంతుపట్టేవి కావు, కచేరీలో పెద్ద గుమస్తా, శిరస్తాదారు అనేవాళ్లు, ఆయనేం చెప్తే అది. గుంటూరు జిల్లాలో ఇది ఎంతదాకా ముదిరిందంటే 1840ల్లో వాల్టర్ ఎలియట్ అనే ఆయన్ని కమిషనర్‌గా వేసి మరీ విచారణ చేయించుకోవాల్సొచ్చింది కంపెనీ వాళ్లకి. అప్పుడూ పైన దొరలు మారుతూనే ఉన్నారు.

ఇక మన పెద్దాళ్లందరికీ గుర్తున్నది కరణాలు, మునసబులు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఆ పోస్టులన్నీ ఎత్తేసింది, కోర్టుకెళ్తే 1985లో సుప్రీంకోర్టు కూడా ఆ ఆర్డినెన్సు చెల్లుద్దంది. అదే ఏడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. తరాల తరబడి ఒకే ఇంట్లో ఉన్న పెత్తనం పోయిందని ఊళ్లలో సంబరపడ్డారు, పడాల్సిందే, తండ్రి తర్వాత కొడుకు అన్నట్టు నడిచిందది. కానీ పోస్టు పోయినంత తేలిగ్గా పుస్తకాలు రాలేదండి. చాలా ఊళ్లలో అవి కరణం గారింట్లోంచి బయటికే రాలేదు, వచ్చినవి సగం చెదలు. నేను చేరేనాటికి కూడా కొత్త గ్రామాధికారి అడంగల్ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో చూపే లెక్క) రాయాలంటే పాత కరణం గారి అరుగెక్కాల్సిందే. ఆయన దయతలిచి చెప్తే ఉంది, లేకపోతే లేదు. అంటే ఉద్యోగం పోయిన మనిషికి అధికారం పోలేదు, జీతం ఒక్కటే పోయింది.

ఇదే కథ మళ్లీ తెలంగాణలో చూశాం. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక మహిళా తహసీల్దారుని ఆఫీసులోనే పెట్రోలు పోసి కాల్చి చంపేశాడొకడు. ఆ రోజు మా పాత ఉద్యోగుల గ్రూపుల్లో అందరూ ఏడ్చారు, బయట కొంతమంది మాత్రం "బాగా అయ్యింది" అని రాశారు, నేను చదివాను. జనంలో మా మీద ఏముందో అప్పుడు తెలిసొచ్చింది. తర్వాత 2020 సెప్టెంబరులో అక్కడ వీఆర్వో వ్యవస్థనే తీసేశారు, అక్టోబరులో ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ తెచ్చారు. మనుషుల్ని తీసేస్తే లంచం పోద్దనుకున్నారు. ఏమైంది, ఊళ్లో ఆగే ఫైలు కలెక్టరు లాగిన్‌లో ఆగింది, చిన్న అక్షరం తప్పుకి కూడా రైతు జిల్లా కేంద్రం దాకా తిరిగాడు. 2025కి ధరణి పోయి భూభారతి వచ్చింది, ఊరికొక అధికారి ఉండాల్సిందేనని గ్రామ పాలనాధికారులని మళ్లీ వేశారు. నా ఉద్దేశం ఏంటంటే కుర్చీలు పీకితే ఈ అధికారం చావదు, ఇంకో కుర్చీకి పోద్ది.

మన వైపు 2019 అక్టోబరు 2న కరపలో మొదలెట్టిన సచివాలయాల సంగతి కూడా చెప్పాలి కదా. నిజం ఒప్పుకోవాలి, ఆదాయం సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు లాంటివి ఇప్పుడు తేలిగ్గానే వస్తున్నాయి, మా రోజుల్లో వాటికి కూడా తిప్పేవాళ్లు. ఎందుకు తేలికయ్యాయంటే అందులో తగాదా లేదు, పాత పుస్తకం వెతకక్కర్లేదు, తెలిసిన మనిషి అక్కర్లేదు. భూమి దగ్గర ఆ మూడూ ఉంటాయి, అందుకే అక్కడ మాత్రం మార్పు లేదు.

ఇప్పటిదాకా మా గురించి చెప్పాను, ఇప్పుడు జనం గురించి, కోపం తెచ్చుకోకండి. ఆఫీసు మీద నమ్మకం లేక మీరేం చేస్తారు? ఎదురుగా టీ కొట్టు దగ్గర "పనులు చేయించే ఆయన" దగ్గరికెళ్తారు. ఆయన పుచ్చుకున్నదాంట్లో లోపలికి ఎంత పోయిందో మీకెప్పటికీ తెలీదు. చాలాసార్లు పైసా కూడా పోదండి! వారంలో ఎలాగూ అయ్యే పనికి "నేను మాట్లాడాను" అని చెప్పి తీసుకుంటాడు, ఆఫీసు పేరు చెడుద్ది, వాడి పేరు నిలబడుద్ది. ఇంకోటి బయటివాళ్లకి తెలియనిది చెప్తా. బ్రోకరు తెచ్చిన ఫైలు నీట్‌గా ఉంటది, జిరాక్సులన్నీ వరసలో ఉంటాయి, ఏ ఫారం మీద ఎక్కడ సంతకం కావాలో అన్నీ పెట్టించి తెస్తాడు. సొంతంగా వచ్చిన రైతు ఫైల్లో డెత్ సర్టిఫికెట్టుంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టుండదు, అదుంటే ఆధార్‌లో పేరొకటి పాసు పుస్తకంలో పేరొకటి. వంద ఫైళ్ల కింద నలిగిపోయే గుమస్తా ఏది ముందు తీస్తాడు? డబ్బు ముట్టకపోయినా బ్రోకర్‌దే తీస్తాడు. పదేళ్లు ఇలా జరిగేసరికి బ్రోకరే ఆఫీసుకి గుమ్మం అయిపోతాడు, సొంతంగా వచ్చేవాడు తప్పు దారిలో వచ్చినట్టు కనపడతాడు. జనం అపనమ్మకం ఎంత పెరిగితే వాడికంత బేరం.

కౌలు సంగతి చూడండి, మన డెల్టా అంతా కౌలు మీదే నడుస్తుంది. 2011లో సాగుదారు కార్డుల చట్టమొచ్చింది, కౌలుదారుకి బ్యాంకు అప్పు, పంట నష్టం అందాలని. 2019లో దాని బదులు ఇంకో చట్టమొచ్చింది, 11 నెలల కార్డు, భూమి యజమాని సంతకం కావాలి. యజమాని పెడతాడా? పెట్టడు. ఎందుకు పెట్టవయ్యా అంటే "ఒకసారి కౌలుదారు పేరు ఆఫీసులో ఎక్కితే మళ్లీ దింపడం ఎవడి తరం" అంటాడు. చట్టంలో స్పష్టంగా ఉంది కదా హక్కుకేం ఢోకా లేదని, చూపించినా నమ్మడు. వాడికి చట్టం మీద అనుమానం లేదు, రికార్డు రాసేవాడి మీద అనుమానం. దాంతో వరద వచ్చి చేను మునిగినప్పుడు నష్టం ఎన్యూమరేషన్‌లో పెట్టుబడి పెట్టినోడు బయట, హైదరాబాదులో ఉన్న యజమాని లోపల. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, గుర్తుందిగా, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు ఇవన్నీ పేపర్లలో వచ్చాయి. అప్పుడు రైతులతో కూచున్నప్పుడు నేను విన్నది ఇంకో మాట, మురుగు కాలవ పూడిక గురించి ఎన్నిసార్లు ఎవరికి చెప్పినా ఆ మాట ఎక్కడికెళ్తుందో తెలీదు అని.

2023 అక్టోబరు 31న అమల్లోకొచ్చిన భూ హక్కుల (ల్యాండ్ టైట్లింగ్) చట్టం కూడా అంతే. నేనిక్కడ ఏ పార్టీ పక్షమూ కాదు. హక్కుకి ప్రభుత్వమే గ్యారంటీ ఇవ్వాలన్న ఆలోచన మంచిదే, ఆ ముసాయిదా నీతి ఆయోగ్ నుంచి వచ్చింది. కానీ 2024 ఎన్నికల్లో టీ కొట్టు దగ్గర అడిగిన ప్రశ్న ఒక్కటే, "సివిల్ కోర్టు బదులు ఆఫీసరు తేలుస్తాడంట గదా, ఎవడా ఆఫీసరు?" దానికి జవాబు చెప్పగలిగినోడు లేడు. కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే రద్దు చేసింది. ఆ జులైలోనే మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో రాత్రిపూట ఫైళ్లు తగలబడ్డాయి, ఆగస్టులో మన ధవళేశ్వరంలో పోలవరం భూసేకరణ ఆఫీసు దగ్గర కాగితాలు కాలిన గొడవ. పనికిరాని కాగితాలన్నారు. అయ్యుండొచ్చు కూడా, ప్రతి ఆఫీసులో బండెడు పనికిరాని కాగితాలుంటాయి, నాకు తెలుసు. నమ్మినోడు మాత్రం ఒక్కడు కనపళ్లేదు.

ఇది ఒక్క రెవెన్యూకే అనుకోకండి. 2014 జూన్ 27న తెల్లారగట్ల మన కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. వాసనొస్తుందని ముందే చెప్పామని ఊరివాళ్లు మొత్తుకున్నారు. ఎవరితో చెప్పారు, ఏ తేదీన, ఏ రిజిస్టర్లో ఎక్కింది అంటే ఊరివాళ్ల చేతిలో కాగితం ఉండదు. నోటితో చెప్పింది గాల్లో కలిసిపోద్ది, విన్నవాడు వినలేదనొచ్చు. ఆ తర్వాత నుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా నేను అడిగే మొదటి మాట, "రసీదుందా?"

మరి గెలిచినోళ్లు ఉత్తుత్తోళ్లేనా అంటారా, కాదండి. తహసీల్దారు పోస్టింగుకి ఎమ్మెల్యే లెటరు కావాల్సిన రోజులు నేను చూశాను, లెటరు లేకపోతే ఎవరికీ అక్కర్లేని సీటు, మా భాషలో లూప్‌లైనే. అందుకని పైన కూచున్నాయన ఎమ్మెల్యే మొహం చూస్తాడు, ఫోనులో ఏదంటే అది చేస్తాడు, కాగితం మాత్రం ఉండదు. 2013లో టీ.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, అధికారులు నోటిమాట ఆదేశాల మీద పనిచేయొద్దు, రాతలో ఉండాలి, ఒకచోట కనీసం కొంతకాలం ఉంచాలి అని. ఎంతమంది పాటిస్తున్నారో మీకు తెలిసిందే. పై నుంచి రాతలేని ఫోను, కింద నుంచి రాతలేని జాప్యం, ఈ రెంటి మధ్యా మీ నాన్నగారి కొబ్బరితోట.

ఈ ప్రశ్న కింద ఎవరో రాశారు, ఉద్యోగ రక్షణ తీసేసి పనిచేయనోణ్ణి మర్నాడే ఇంటికి పంపాలని. అది నేనొప్పుకోను. రాజ్యాంగంలో 311వ అధికరణం ఉంది కాబట్టే మామూలుగా విచారణ లేకుండా ఎవర్నీ తీయకూడదు, 1949 అక్టోబరు 10న రాజ్యాంగ సభలో పటేల్ గారు సివిల్ సర్వీసుల రక్షణ కోసం గట్టిగా నిలబడ్డారు, మంత్రి ముందు మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పగలిగే అధికారి దేశానికి కావాలని. అది లేకపోతే కాలవగట్టు మీద అధికార పార్టీ వాళ్ల షెడ్డు ఉందని రిపోర్టు రాసిన ఆర్‌ఐ వారం తిరక్కుండా ఇంట్లో కూచుంటాడు. సోమరిపోతుని కూడా అదే కాపాడుద్ది, నిజమే, ఆ ఖర్చు భరించాల్సిందే. కానీ 2018లో అవినీతి నిరోధక చట్టంలో 17ఏ పెట్టి, అధికారి తీసుకున్న నిర్ణయం మీద విచారణ మొదలెట్టాలన్నా ముందు అనుమతి కావాలనడం మాత్రం ఎక్కువైపోయింది. లంచం తీసుకుంటూ దొరికితే ఆ అడ్డు లేదు, అది వేరే.

సరే ఏం చేయాలి. ప్రతి అడుగులో కాగితం పుట్టించండి, అంతే. అర్జీ చేతికిచ్చి రావద్దు, తపాల్ నంబరు వేయించుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపండి. "రేపు రండి" అంటే గొడవ పడొద్దు, ఇంటికొచ్చి ఒక ఉత్తరం రాయండి, "ఫలానా తేదీన నేను వస్తే సర్వేయర్ రిపోర్టు రాలేదని చెప్పారు, ఎప్పటికొస్తుందో తెలపగలరు" అని. ఆ ఉత్తరం ఫైల్లో చేరింది అంటే ఇక ఊరుకోవడానికి కూడా ఎవరో ఒకరు రాసి ఊరుకోవాలి. ఒక మాటలో మర్యాద తగ్గకూడదు సుమా, తిట్లున్న ఉత్తరం మాకు వరం, పక్కన పడేయడానికి కారణం దొరుకుద్ది.

సోమవారం గ్రీవెన్సుకి వెళ్లండి. ప్రజావాణన్నారు, మీకోసమన్నారు, స్పందనన్నారు, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అంటున్నారు, పేర్లు మారాయి గానీ సోమవారం మారలేదు. దాంట్లో కిటుకేంటంటే మీ ఫిర్యాదు తిరిగి తిరిగి ఎవరి మీద పెట్టారో ఆ ఆఫీసుకే వస్తది. పైవాళ్లకి కావాల్సింది డిస్పోజల్ అంకె, కాబట్టి "అర్జీదారుతో మాట్లాడడమైనది" అని రాసి మూసేస్తారు. ఆ ఎండార్స్‌మెంటు కాపీ మాత్రం వదలకండి, మీతో ఎవరూ మాట్లాడకపోతే అదే రాసి మళ్లీ తెరిపించండి. అబద్ధమైనా సరే, రాసిన అబద్ధం మీకు పనికొస్తది, దాని కింద ఒక సంతకం ఉంటది.

సమాచార హక్కు 2005 నుంచి ఉంది గానీ మనవాళ్లు దాన్ని తప్పుగా వాడతారు. "నా పని ఎందుకు చేయలేదు" అని అడుగుతారు, దానికి జవాబు చెప్పక్కర్లేదు, ఎందుకు అనేది సమాచారం కాదు. ఇలా అడగండి: నా ఫలానా నంబరు అర్జీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ హోదా ఉద్యోగి దగ్గర ఉంది, నోట్ ఫైలు కాపీ ఇవ్వండి, ఈ-ఆఫీసులో ఫైలు కదలిక ప్రింటు ఇవ్వండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, పైన 10. గడువు 30 రోజులు, ఇవ్వకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లోపు కమిషన్‌కి. రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు, అది ఆఫీసు కట్టదు, ఆ అధికారి జీతంలోంచి పోద్ది. కమిషన్‌లో ఆలస్యం దారుణం, విభజన తర్వాత కొంతకాలం మన కమిషన్ అసలు పనే చేయలేదు. అయినా చాలాసార్లు కమిషన్ దాకా వెళ్లక్కర్లేదు, "నా సీటు దగ్గర నాలుగు నెలలు" అని ప్రింటు బయటికెళ్తుందంటేనే ఫైలు లేస్తది. కాపీలొద్దనుకుంటే రికార్డు చూస్తానని అడగండి, మొదటి గంటకి రుసుం లేదు. నేను సీట్లో ఉన్నప్పుడు మేం భయపడింది అరిచేవాళ్లకి కాదు, పెన్ను పుస్తకం పట్టుకుని రికార్డు చూస్తానని కూచునేవాళ్లకి.

లంచం అడిగితే ఇచ్చేసి ఊరుకోకండి. 2018 తర్వాత ఇచ్చినోడిదీ నేరమే, బలవంతం మీద ఇచ్చానని 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే మినహాయింపుంది. ఇవ్వకముందే ఏసీబీకెళ్తే ఇంకా మంచిది. ఆపైన అర్జీ ఏళ్లతరబడి తేలకపోతే హైకోర్టులో రిట్టు. కోర్టు సాధారణంగా తోట మీదేనని తేల్చదు, ఇన్ని వారాల్లో అర్జీ పరిష్కరించి ఉత్తర్వివ్వమంటది. మీకు కావాల్సింది కూడా అదే కదా, అవునో కాదో ఒక కాగితం.

మీ తోట సంగతికొస్తే, ముందు ఇంట్లో చూసుకోండి. మీకు అక్కచెల్లెళ్లున్నారా? మన రాష్ట్రంలో 1985 నుంచే ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఉంది. వారసుల మ్యుటేషన్లలో, అంటే రికార్డులో పేరు మార్పిడుల్లో, చాలా భాగం అక్కడే ఆగుద్ది, అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టి పట్టుకొస్తారు, ఏ వీఆర్వో అయినా రిపోర్టు రాయడానికి జంకుతాడు, పైకి మాత్రం సర్వర్ పేరు చెప్తాడు. అందరి సంతకాలతో భాగపంపకం రిజిస్టరు చేయించుకుంటే సగం పని అయిపోయినట్టే. తర్వాత మీ ఊళ్లో రీసర్వే అయ్యిందో లేదో కనుక్కోండి, అయ్యుంటే పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఆ భూమిముక్కకిచ్చిన కొత్త నంబరు) వచ్చుంటది, పక్కవాళ్లతో కలిపి జాయింట్ ఎల్‌పీఎం పడిందేమో చూడండి, పడితే ముందు అది విడగొట్టించాలి, దానికి వేరే అర్జీ. ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత సెటిల్‌మెంటు భూముల రిజిస్టరు) మీ నంబరు ఎదురుగా పేరు బదులు చుక్కలున్నాయా, 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ కుదరని భూములు) ఉందా అనేది కూడా చూడండి, ఉంటే అసలు దారే వేరు. 1బి (ఎవరి పేరున ఎంత భూమో చూపే ఖాతా), పాత అడంగల్, ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పటం) కాపీలు మూడూ దగ్గర పెట్టుకోండి.

ఈసారి ఊరొచ్చేటప్పుడు శని ఆదివారాలు కాకుండా సోమవారం కలిసొచ్చేలా సెలవు పెట్టుకోండి. మీ పాత అర్జీ నంబరు, తేదీ, ఎండార్స్‌మెంటు ఏదైనా వచ్చుంటే అందులో మాటలు ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి, పేర్లు సర్వే నంబర్లు మాత్రం కొట్టేసి. సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో అది చూసి చెప్తాను.